మఫ్టీలో చూసినది

ఎనిమిదేళ్ళ కిందట ఒక శుక్రవారం రాత్రి మా మామ పొలంలో బోరు మోటారు కేబులు ఎవరో కోసుకుపోయారు. లోపలి రాగి తీగ కోసం. ఇది మా వైపు కొత్త సంగతేమీ కాదు. సోమందేపల్లి చుట్టుపక్కల బోరు ఉన్న ఏ రైతుని కదిలించినా ఇలాంటి కథ ఒకటి చెబుతాడు. నేను శని, ఆదివారాలు గడపడానికి బెంగళూరు నుంచి వచ్చి ఉన్నాను. కంప్లయింటు రాయడానికి చదువుకున్నవాడు పక్కనుంటే మంచిదని మామ నన్ను కూడా పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. ఏ స్టేషనో ఇక్కడ చెప్పను.

కాగితం రాసిచ్చాక మామ లోపలికి వెళ్ళాడు. నేను బయట వేపచెట్టు కింద సిమెంటు అరుగు మీద దాదాపు మూడు గంటలు కూర్చున్నాను. అప్పట్లో నేర న్యాయ వ్యవస్థ మీద పుస్తకాలు పిచ్చిగా చదువుతున్నాను. పొద్దంతా కోడ్ రాసి రాత్రుళ్ళు పోలీసుల గురించి, జైళ్ళ గురించి చదవడం ఎందుకని మా ఆఫీసులో నవ్వేవాళ్ళు. రహస్య పరిశీలన అనే పద్ధతి గురించి ఆ వారమే చదివాను. పరిశోధకుడు తానెవరో చెప్పకుండా పోలీసుల్లోనో, ఖైదీల్లోనో, కోర్టు వరండాలోనో కలిసిపోయి, చూసింది చూసినట్టు రాసుకుంటాడు. చెబితే జనం జాగ్రత్తపడతారు, చెప్పకపోతే మామూలుగా ఉంటారు అనేది దాని వెనకున్న తర్కం. ఇంకేం, వాట్సాప్ చూసుకుంటున్నట్టు నటిస్తూ ఫోనులో నోట్స్ రాయడం మొదలుపెట్టాను. మన పోలీసుల భాషలో చెప్పాలంటే, మఫ్టీలో కూర్చున్నాను.

ఆ నోట్స్ ఇంకా నా దగ్గరున్నాయి. పదకొండూ నలభైకి ఇద్దరు మగవాళ్ళని జీపులోంచి దించారు. హైవే పక్కన గుడారాలేసుకుని, వెంట్రుకలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళని పక్కనున్న పెద్దాయన చెప్పాడు. వాళ్ళని అడిగిన మొదటి ప్రశ్న, ఏ వూరు. రెండోది, ఏ కులం. పన్నెండూ పదికి ఒకడి చెంప మీద దెబ్బ పడింది, కిటికీలోంచి కనిపించింది. ఇంకో పది నిమిషాలకి హెడ్ కానిస్టేబుల్ మామతో ఏదో అన్నాడు, ఆయన చెయ్యి ఆ ఇద్దరి వైపు ఉంది. మామ తల ఊపాడు. ఆ వాక్యం కింద గీత గీసి పెట్టుకున్నాను. గేటు దగ్గర చంటిబిడ్డతో ఒక ఆడమనిషి ఏడుస్తూ నిలబడి ఉంది. ఆమె వాళ్ళలో ఒకడి భార్య అని రాసుకున్నాను.

చెంపదెబ్బ పడ్డప్పుడు నేను లేచి లోపలికి వెళ్ళలేదు. నేను పరిశీలకుణ్ణి కదా, జోక్యం చేసుకోకూడదు కదా అనుకున్నాను. బస్సు టైమయిందని రెండున్నరకి లేచి బెంగళూరు వెళ్ళిపోయాను. ఆ తర్వాత చాలాకాలం మామతో సరిగా మాట్లాడలేదు. ఎందుకో ఆయనకి చెప్పలేదు.

*

ఈ పద్ధతికి మన దగ్గర ఉన్న చరిత్ర వెతకడం అప్పటినుంచే మొదలుపెట్టాను. వెతికేకొద్దీ నాకు అర్థమయింది ఏమిటంటే, రహస్యంగా చూడడం మనకి విశ్వవిద్యాలయాల నుంచి రాలేదు, రాజ్యం నుంచి వచ్చింది. మా ఊరికి దగ్గర్లోనే పెనుకొండ ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం పాడుబడితే తిరుమలరాయలు రాజధానిని అక్కడికే మార్చాడు. ఆ కోట కింద పెరిగిన పిల్లలకి మారువేషంలో తిరిగే రాజు కథలు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. రాజు కంబళి కప్పుకుని రాత్రిపూట వీధిలో తిరుగుతాడు, ఒక ఇంటి అరుగు దగ్గర ఆగి మాటలు వింటాడు, తెల్లారి సభకి పిలిపించి తీర్పు చెబుతాడు. ఈ కథలన్నిట్లో నాకు వింతగా అనిపించేది ఒకటుంది. రాజు పొరపాటుగా విన్న కథ ఒక్కటీ లేదు. గోడ అవతలి మాట సగం విని, మిగతా సగం తను ఊహించుకుని, తప్పు మనిషిని శిక్షించిన మారువేషం రాజుని నేను ఏ కథలోనూ చూడలేదు.

కానీ ఉత్తర రామాయణం ఉంది. మన ఊళ్ళల్లో తోలుబొమ్మలాటలోనో, 'లవకుశ' సినిమాలోనో ఈ ఘట్టం చూడనివాళ్ళుండరు. చారుడు ఊరు తిరిగి, చాకలివాడి ఇంట్లో జరిగిన గొడవ విని, రాముడికి చెబుతాడు. ఆ చారుడు అబద్ధం చెప్పలేదు. విన్నది విన్నట్టే చెప్పాడు. పరిశీలకుడిగా అతని పనిలో లోపమేమీ లేదు. అయినా ఆ నివేదిక ఆధారంగా తీర్పు వచ్చింది, సీతని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఆధునిక కాలంలో దీన్ని పెద్ద ఎత్తున నడిపింది కంపెనీవాళ్ళు. ఠగ్గుల మీద స్లీమన్ నడిపిన వ్యవహారమంతా గూఢచారుల మీద, అప్రూవర్ల మీద ఆధారపడిందే. 1836 చట్టం ప్రకారం ఫలానా నేరం చేశాడని రుజువు కానక్కర్లేదు, ఠగ్గు ముఠాకి చెందినవాడని తేలితే యావజ్జీవ శిక్ష వెయ్యొచ్చు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో దాని మీద నవల రాస్తే ఇంగ్లండంతా చదివింది. 'పోకిరి' సినిమా ఆఖర్లో హీరో పోలీసని తేలినప్పుడు హాల్లో మనం వేసిన ఈలలకి వంశవృక్షం గీస్తే అది టేలర్ దాకా పోతుందేమో. అది వేరే వ్యాసం.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్న మనిషి ఇంకొకడు, పేరుని బట్టి మనవాడే. ఎం. పాపారావు నాయుడు, మద్రాసు రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టరు. 1900లో ఇంగ్లీషులో రైల్వే దొంగల చరిత్ర రాశాడు, బొమ్మలతో, వాళ్ళని పట్టుకోవడానికి సూచనలతో. తర్వాత 1905లో కొరవలు, ఎరుకలవాళ్ళ చరిత్ర అని ఇంకో పుస్తకం. రైళ్ళల్లో దొంగతనాలు చేసేవాళ్ళు ఎలాంటి బట్టలు కడతారు, పెట్టెలో ఎక్కడ కూర్చుంటారు, మూటలు ఎలా కోస్తారు, తమలో తాము ఏ మాటలు వాడుకుంటారు అన్నదంతా ఈ రకం పుస్తకాల సరుకు. రైల్లో దొంగ పెద్దమనిషి వేషంలో ఉంటాడు, మఫ్టీ పోలీసు మామూలు ప్రయాణికుడి వేషంలో ఉంటాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరినొకరు కనిపెట్టుకుంటూ పోయే ప్రయాణం నాకెప్పుడూ భలే కథలా అనిపిస్తుంది.

అయితే పాపారావు నాయుడు చూపు పడని చోటు ఒకటుంది. అది ఆయన పుస్తకం వస్తువులోనే దాగి ఉంది. ఎరుకలవాళ్ళు, కొరవలు అనే ఈ సంచార జనం అంతకుముందు చేసిన పనేమిటి? ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా నుంచి ఉప్పు, లోపలి జిల్లాల నుంచి ధాన్యం మోసి అమ్మడం. వాళ్ళలో శాఖల పేర్లే ఆ సంగతి చెబుతాయి. ఉప్పువాళ్ళు, కరివేపాకువాళ్ళు, దబ్బవాళ్ళు. ఇవి వృత్తుల పేర్లు. పందొమ్మిదో శతాబ్దం చివరి సగంలో రైలు వచ్చింది. ఉప్పు అంతకుముందే ప్రభుత్వం గుత్తాధిపత్యం కిందికి పోయింది. అడవి చట్టాలొచ్చి పశువుల మేతకి, వెదురుకి అడ్డంపడ్డాయి. మా హిందూపురం మీదుగా పోయే గుంతకల్లు లైను కూడా 1890లలో పడిందే. ఎద్దు మీద ఉప్పు బస్తా ఎన్ని రోజులకి చేరుతుంది, గూడ్సు పెట్టెలో ఎన్ని గంటలకి చేరుతుంది? మీనా రాధాకృష్ణ 2001లో అచ్చయిన తన పుస్తకంలో ఈ వ్యవహారమంతా విడమరిచి రాసింది. బతుకుతెరువు తీసేసిన రైలు ఒకటే, దొంగలని ముద్రవేసి వాళ్ళని కనిపెట్టుకుని కూర్చున్న రైలూ అదే.

ప్లాట్‌ఫారం మీద నిలబడి రహస్యంగా చూసేవాడికి చెయ్యి కనిపిస్తుంది. ఆ చెయ్యి ఇరవయ్యేళ్ళ కిందట పట్టుకున్న ఎద్దు ముకుతాడు కనిపించదు. చూసేవాడు ఎంత నిజాయితీపరుడైనా, ఎంత చురుకైనవాడైనా కనిపించదు. అడిగితేనే తెలుస్తుంది. కానీ అడిగిన మరుక్షణం మఫ్టీ పోతుంది. నా ఉద్యోగంలో దీనికి దగ్గర పోలిక సర్వరు లాగ్. ఎవరు ఏ క్షణంలో ఏ బటన్ నొక్కారో లాగ్ చెబుతుంది, ఎందుకు నొక్కారో చెప్పదు. లాగ్ చూసి కస్టమర్ మనసు చదివేశామనుకుని మేం ఎన్నిసార్లు బొక్కబోర్లా పడ్డామో!

ఇక్కడ పాపారావు నాయుడిని మరీ చిన్నబుచ్చడం కూడా అన్యాయమే. ఆనాటి కొరవల తెగలు, దారులు, ఆచారాలు, భాష గురించి వివరంగా రాసిపెట్టినవాళ్ళలో పోలీసులే ముందుంటారు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల గురించి ఏడు సంపుటాలు వేసినప్పుడు కొరవల అధ్యాయంలో పాపారావు నాయుడి మాటలే చాలాచోట్ల ఎత్తి రాశాడు. రాధాకృష్ణ కూడా ఆ పాత సర్కారు కాగితాలు, మిషనరీల కాగితాలు తిరగేసే వాళ్ళ మీద పడ్డ నింద ఎలా తయారయిందో చూపించగలిగింది. రహస్యంగా చూసినవాడి నోట్స్ వాడి ఉద్దేశానికి వ్యతిరేకంగా కూడా సాక్ష్యం చెబుతాయి. చరిత్ర రాసేవాళ్ళకి అది దొడ్డ ఉపకారం. ఆ నోట్స్‌లో ఉన్న మనుషులకి మాత్రం ఆ ఉపకారం వందేళ్ళు ఆలస్యంగా అందింది.

ఈలోగా వాళ్ళకి జరిగింది ఇదీ. నేరస్థ తెగల చట్టం 1871లో మొదట ఉత్తరాదిన వచ్చింది. ఒక తెగని ప్రభుత్వం నేరస్థ తెగ అని ప్రకటిస్తే, ఆ ప్రకటన సరైనదా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని అందులోనే రాసిపెట్టారు. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రంలోకీ వచ్చింది. పేరు రిజిస్టరులో ఎక్కిన మనిషి వేలిముద్రలివ్వాలి, చెప్పిన వేళకి హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. పాపారావు నాయుడి పుస్తకాల వల్లే ఈ చట్టం వచ్చిందని నేననను. కానీ కానిస్టేబుల్ చూసింది ఇన్‌స్పెక్టరు పుస్తకమైంది, పుస్తకం థర్‌స్టన్ సంపుటంలో శాస్త్రమైంది, శాస్త్రం చూసి చట్టం తన మాట నిజమేననుకుంది. అప్పుడు చట్టం ప్రకారం కానిస్టేబుల్ మళ్ళీ వాళ్ళనే చూడ్డం మొదలుపెట్టాడు. చూసినకొద్దీ వాళ్ళే కనిపిస్తారు, ఇంకెవరు కనిపిస్తారు? ఈ గొలుసులో ఏ దశలోనూ చూడబడ్డవాడు 'అది కాదయ్యా జరిగింది' అని చెప్పుకునే గడప లేదు.

బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ళ కోసం సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన సెటిల్‌మెంటుకి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. తెలుగు సినిమాల వల్ల ఆ పేరు వినగానే దొంగలు గుర్తొస్తారు. ఆ స్టువర్టు ఎవరా అని చూస్తే, సర్ హెరాల్డ్ స్టువర్ట్. మద్రాసు పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేసి, 1904లో ఏర్పడిన క్రిమినల్ ఇంటెలిజెన్స్ శాఖకి మొదటి డైరెక్టరయిన మనిషి. అంటే ఈ దేశంలో పొంచి చూడ్డాన్ని ఒక శాఖగా నడిపిన మొదటి అధికారి పేరు, ఆ చూపు కింద బతకాల్సి వచ్చిన ఊరికి పెట్టారు. ఆయన పేరు గౌరవంగా మిగిలింది, ఆ ఊరి పేరు తిట్టుగా మారింది.

భాషలో కూడా ఇది మిగిలిపోయింది. కేడీ అని తిడతాం కదా. అది మద్రాసు పోలీసుల రిజిస్టరులోంచి వచ్చిన మాట. నోన్ డిప్రడేటర్, అంటే దోపిడీ చేసేవాడని తెలిసిన మనిషి. పొడి అక్షరాలు రెండూ కలిసి కేడీ అయింది. ఆ 'నోన్' అన్న మాట దగ్గరే నేను ఆగిపోతాను. ఎవరికి తెలుసు? ఎలా తెలుసు? వాడికి తెలుసా, తన గురించి అలా తెలుసునని? చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో, దేశమంతా 1952లో ఎత్తేసినా, షీట్లు తెరిచే అలవాటు పోలేదు. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసులు అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టి చూడ్డం తప్పంది, ఇంటి బయట రహస్యంగా కాపుకాయడం మాత్రం తప్పు కాదంది. తలుపు కొడితే తెలుస్తుంది కాబట్టి బాధ, తెలియకుండా చూస్తే బాధేమిటి అన్నట్టుగా ఉంది ఆ తీర్పు. ఆ తీర్పులోని గోప్యత మాటని అదే కోర్టు 2017లో పుట్టస్వామి కేసులో కొట్టేసింది.

*

ఇంతవరకూ చదివి, నేను రహస్య పరిశీలనకి పూర్తిగా వ్యతిరేకినని అనుకోవద్దు. అంత తేలిగ్గా తేలే సంగతి కాదిది. నాలుగు గోడల మధ్య జరిగేదాన్ని చెప్పుకుని వెళ్ళి చూడలేం.

1983లో గుంటూరులో జరిగింది చూడండి. చంద్రకుమార్ అనే తమిళ కుర్రాడు పొట్టచేత పట్టుకుని వచ్చి అక్కడ హోటల్లో పనిచేసేవాడు. తను చేయని దొంగతనం ఒప్పుకొమ్మని పోలీసులు లాకప్పులో పెట్టి పదమూడు రోజులు కొట్టారు. ఆ తర్వాత జైలు. తర్వాతి కాలంలో కోయంబత్తూరులో ఆటో నడుపుకుంటూ 'లాకప్' అనే పుస్తకం రాశాడు. అది 2006లో వచ్చింది. వెట్రిమారన్ దాన్నే 'విసారణై' సినిమాగా తీశాడు. మన గుంటూరు లాకప్పు లోపల ఏం జరుగుతుందో మనకి ఇంత వివరంగా చెప్పినవాడు తెలుగువాడు కాకపోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అతనేమీ పరిశీలించడానికి వెళ్ళలేదు. నోట్స్ రాసుకోలేదు. బస్సు టైమయిందని లేచి రాలేదు. కానీ ఏ పరిశోధకుడూ, ఏ కమిషనూ, ఏ విలేకరీ ఆ గదిలో ఉండి చూడలేనిది అతను చూశాడు. పోలీసులకి అతను సాక్షిలా కనిపించలేదు కాబట్టి దాచుకోలేదు.

ఈ బలం కోసమే కొందరు కావాలని వేషం వేశారు. బ్రిటన్‌లో సైమన్ హోల్డవే పోలీసు సార్జెంటుగా పనిచేస్తూనే, తోటివాళ్ళకి చెప్పకుండా వాళ్ళ పని మీద పరిశోధన చేసి 1983లో పుస్తకం వేశాడు. 2003లో బీబీసీ విలేకరి మార్క్ డేలీ గ్రేటర్ మాంచెస్టర్ పోలీసుల్లో చేరి, శిక్షణలో ఉన్నవాళ్ళ జాతివిద్వేషపు మాటలు దాచిన కెమెరాతో పట్టాడు. కార్యక్రమం రాకముందే పోలీసులకి విషయం తెలిసి అతన్నే అరెస్టు చేశారు, తర్వాత కేసు వదిలేశారు. ప్రసారమయ్యాక కొందరు ఉద్యోగాలకి రాజీనామాలిచ్చారు. ఎవరినైనా నిలబెట్టి 'మీకు నల్లవాళ్ళంటే ద్వేషమా?' అని అడిగితే ఏం చెప్పేవారో మనందరికీ తెలుసు.

హోల్డవే వాదన నాకు సబబుగానే తోస్తుంది. అధికారం ఉన్నవాణ్ణి చెప్పకుండా చూడ్డం వేరు, లేనివాణ్ణి చూడ్డం వేరు. పోలీసుకి తలుపు మూసుకునే హక్కుంది, నోరు మూయించే బలముంది, నచ్చకపోతే నిన్ను గేటు బయటికి పంపే అధికారముంది. గుడారంలో ఉన్నవాడికి తలుపే లేదు. పాపారావు నాయుడు, హోల్డవే ఇద్దరూ పోలీసులే, ఇద్దరూ చెప్పకుండానే చూశారు. ఒకాయన కిందికి చూశాడు, ఒకాయన పక్కకీ పైకీ చూశాడు. పద్ధతి ఒకటే అయినా పని ఒకటి కాదు.

మరి చెప్పుకుని, బహిరంగంగా అడిగితే ఏమొస్తుంది? దానికీ మన దగ్గర పాత ఉదాహరణ ఉంది. 1850లలో గాజుల లక్ష్మీనరసు చెట్టి మద్రాసు వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్‌ని జిల్లాల్లో తిప్పి రైతుల అవస్థ చూపించాడు. శిస్తు కట్టలేని రైతుని రెవెన్యూవాళ్ళు ఎండలో వంగబెట్టి కట్టేసేవాళ్ళు, చేతివేళ్ళకి కిట్టి బిగించేవాళ్ళు. ఈ సంగతి పార్లమెంటులో లేచి, మద్రాసులో చిత్రహింసల మీద విచారణకి కమిషన్ వేశారు. వాళ్ళు పొంచి చూడలేదు. బాధపడ్డవాళ్ళు వచ్చి చెప్పండని ప్రకటన ఇచ్చారు. జనం నడిచి వచ్చారు, రాలేనివాళ్ళు ఉత్తరాలు పంపారు. మొత్తం దాదాపు రెండు వేల ఫిర్యాదులు. 1855 నివేదికలో చిత్రహింస ఉన్నమాట నిజమేనని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఏ గూఢచారీ అన్ని నోళ్ళు విప్పించలేడు.

అయితే ఆ నివేదిక తప్పంతా కింది నౌకర్ల మీదికి నెట్టి, తెల్ల దొరలని ఒడ్డున పడేసింది. అడిగేవాడి ముందు అందరూ తమకి పనికొచ్చేదే చెబుతారు, రాసేవాడు తనకి పనికొచ్చేదే వింటాడు. బహిరంగ పరిశీలనకుండే జబ్బు అది. అయినా ఒక్క తేడా ఉంది. అందులో జనం పేర్లు పెట్టి, తమ నోటితో, తాము ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసి మాట్లాడారు. బాలగోపాల్, పౌరహక్కుల సంఘంవాళ్ళు తర్వాతి కాలంలో చేసిన నిజనిర్ధారణల పద్ధతీ ఇదే. ఎన్‌కౌంటర్ జరిగిన ఊరికి వెళ్ళి, మేం ఫలానా అని చెప్పి, చచ్చిపోయినవాడి ఇంట్లో అడిగి, పోలీసులనీ అడిగి, అచ్చువేసి అందరికీ పంచేవాళ్ళు. తప్పుంటే తప్పని చెప్పడానికి అవతలివాడికి అవకాశం ఉండేది. రాసినందుకు దెబ్బలు తిన్నదీ, ప్రాణాలు పోగొట్టుకున్నదీ రాసినవాళ్ళే. స్టువర్టుపురంలో హేమలత, లవణం దంపతులు 1970లలో పని మొదలుపెట్టినప్పుడు కూడా తామెవరో చెప్పుకునే వెళ్ళారు. నా వేపచెట్టు పరిశోధనలో నేను పోగొట్టుకున్నదేమీ లేదు. అప్పుడు దాన్నే నిష్పాక్షికత అనుకున్నాను.

*

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, ఈ వ్యాసం రాద్దామని ఆ పాత నోట్స్ తీసి మామకి చదివి వినిపించాను. మేడ మీద కూర్చున్నాం, దూరంగా హైవే మీద లారీల లైట్లు. మామ మొదట నవ్వాడు. తన పేరు వచ్చిన చోట నవ్వాపేశాడు.

"నన్ను కూడా రాసినావా అల్లుడా? అడగకనే?"

ఏం చెప్పాలో తోచలేదు. పోలీసులని రాశానని అనుకున్నాను, నిజంగా నేను పొంచి చూసింది మా మామని. పుస్తకాల్లో అనుమతి గురించి పేజీలకి పేజీలు చదివాను కానీ ఆ ప్రశ్న ఇంత మామూలు మాటల్లో ఎప్పుడూ వినలేదు.

మళ్ళీ చదవమన్నాడు. చదివాను. గేటు దగ్గర ఏడ్చిన ఆడమనిషి వాళ్ళ భార్య కాదంట. ఆమె మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని కంప్లయింటు ఇవ్వడానికి వచ్చిన మనిషి, మా పక్కూరావిడే, మామకి తెలుసు. పొద్దుటి నుంచి నిలబెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. అంటే ఆ రోజు ఆ స్టేషన్‌లో రాయాల్సిన ఇంకో కథ నా కళ్ళెదురుగా నిలబడి ఉంటే, దాన్ని నా కథలో ఒక పాత్రగా వాడేసుకున్నాను.

"నువ్వు తల ఊపినావు కదా మామా, వాళ్ళని చూపించి హెడ్డు అడిగినప్పుడు?"

"యాడ అడిగినాడు? టీ తాగుతావా అన్నె. ఊ అంటి."

కిటికీలోంచి నాకు మాట వినబడలేదు, నిజమే. హెడ్డు చెయ్యి వాళ్ళ వైపు ఉందా, వాళ్ళ వెనకున్న టీ కుర్రాడి వైపు ఉందా? ఇప్పుడు చెప్పలేను. ఎనిమిదేళ్ళలో మామే అలా గుర్తుపెట్టుకున్నాడేమో కూడా. ఆ రోజు సాయంత్రమే అడిగి ఉంటే సరిపోయేది. ఒక తల ఊపుడు మీద ఎనిమిదేళ్ళు నేను ఆయన్ని దొంగసాక్ష్యం చెప్పినవాడిగా చూశాను.

చెంపదెబ్బ సంగతి మాత్రం నేను రాసింది రాసినట్టే నిజమన్నాడు. ఒకటి కాదు, నేను వచ్చేశాక ఇంకా కొట్టారన్నాడు.

"మరి నువ్వేం చేసినావు?"

"రాత్రికి మళ్ళా పోయినా. కేసొద్దు, వీళ్ళ మీద నాకు అనుమానం లేదని రాసిచ్చినా."

"పాపమనా?"

"పాపమూ ఉండె. ఆ కేబులు ఖరీదు కన్నా పెనుకొండ కోర్టుకి తిరిగే ఖర్చు ఎక్కువని కూడా ఉండె." కాసేపు ఊరుకుని, "నువ్వు ఆ పొద్దు లోపలికొచ్చి, నేను బెంగళూర్లో ఇంజనీరు, ఎందుకు కొడతాండారు అని ఒక్క మాట అడిగింటే అప్పుడే ఇడిసిపెట్టిందురు. నన్నడిగితే పల్లెటూరోడు, ఏం ఇంటారు?" అన్నాడు.

వాళ్ళిద్దరూ ఏమయ్యారని అడిగాను. తెల్లవారుజామున పొలానికి పోతూ చూస్తే హైవే పక్కన గుడారాలు లేవంట. పొయ్యి రాళ్ళు మూడు, వెంట్రుకల చిక్కు కొంచెం మిగిలాయంట.

ఈ వ్యాసం పంపే ముందు మామకి మొత్తం చదివి వినిపించాను. స్టేషన్ పేరు రాయొద్దన్నాడు. తను టీకే తల ఊపిన మాట మాత్రం తప్పకుండా రాయమన్నాడు.